సొంత మలాన్ని చూడటానికి సిగ్గెందుకు?

 

ధమ్మ మిత్రులారా, ఈసారి మలం గురించి మాట్లాడుకుందాం. విహారంలో కూర్చొని చదువుకునే చిన్న పుస్తకంలో ఇదేం ముచ్చట అనుకోకండి. సతిపట్ఠాన సుత్తం విన్నవాళ్ళకు తెలుసు. నడిచేటప్పుడు, తినేటప్పుడు, బట్ట కట్టుకునేటప్పుడు ఎట్లా ఎరుకతో ఉండమన్నాడో, మలమూత్రాలు విడిచేటప్పుడు కూడా అట్లాగే ఉండమన్నాడు భగవానుడు. దేహంలోని భాగాలను ఒక్కొక్కటిగా తలచుకునే సాధనలో వెంట్రుకలు, గోళ్ళతోపాటు పేగులూ ఉన్నాయి, మలమూ ఉంది. పాళీలో 'కరీసం' అని గడగడా అప్పజెప్తాం, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అదే మాట తెలుగులో అంటే ముక్కు మూసుకుంటాం.

అడగదలచుకున్న ప్రశ్న ఇది. అరవై, డెబ్బై ఏళ్ళు వచ్చినంక, ఏ నొప్పీ ఏ బాధా లేనప్పుడు, ఇంట్లోనే తన మలంలోంచి ఇసుమంత తీసి పెద్దపేగు క్యాన్సర్ పరీక్షకు పంపడం ధమ్మానికి తగిన పనేనా? అది బతుకు మీద తణ్హనా? లేక అప్పమాదమా, అంటే ఏమరుపాటు లేకుండా ఉండటమా?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు, ఫోన్లో వచ్చింది. పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి వైపు చాలా ఇండ్ల పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. ముసలితనంలో తల్లిదండ్రులు కొందరు వాళ్ళ దగ్గరికే పోయి స్థిరపడ్డారు. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య వ్యవస్థ 2006 నుంచి పేగు క్యాన్సర్ పరీక్ష సామాను నేరుగా ఇంటికే పోస్టులో పంపుతోంది. ఇప్పుడు 50 నుంచి 74 ఏళ్ళ వాళ్ళకు రెండేళ్ళకోసారి ఆ కవరు వస్తుంది. ఆస్ట్రేలియాలో కూడా 2006లోనే మొదలైంది. అక్కడి మన తెలుగు ముసలివాళ్ళ ఇండ్లకూ ఆ కవరు వస్తుంది, వచ్చి అల్మారాలో కూర్చుంటుంది. ఇంగ్లండులో దక్షిణాసియా కుటుంబాల వాళ్ళు ఈ పరీక్షలో మిగతావాళ్ళకన్నా తక్కువగా పాల్గొంటున్నారని అక్కడివాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నారు.

మా వీధిలో ఏండ్ల తరబడి ఉండి కూతురి దగ్గరికి పోయిన ఒక పెద్దమ్మ అన్న మాట ఇది: "గా పుల్లతోని గెలుకుడు నాతోని కాదు బిడ్డా. గలీజు పని. అయినా డెబ్బై ఏండ్లొచ్చినై, ఇంకేం బతకాలని?"

ఒకే ఊపిరిలో రెండు కారణాలు చెప్పింది. ఒకటి అసహ్యం, రెండోది వైరాగ్యం. రెంటినీ విడదీసి చూద్దాం.

ముందు ఆ పని ఎట్లా ఉంటుందో తెలియాలి. మలం నీళ్ళలో పడకముందే ఒక శుభ్రమైన డబ్బాలోనో, పరిచిన కాగితం మీదనో పట్టాలి. చిన్న సీసా మూతకు పుల్ల ఉంటుంది. దాని కొనకున్న గాడులు నిండేటంత మలం అంటితే చాలు. మళ్ళీ సీసాలో పెట్టి మూత బిగించి, తారీఖు రాసి పంపాలి. ఇప్పుడు వాడే పరీక్షను 'ఫిట్' అంటారు. కంటికి కనిపించని రక్తం మలంలో ఉంటే పట్టుకుంటుంది, అది కూడా మనిషి రక్తాన్నే. పాత పద్ధతి పరీక్షకు ఆ తేడా తెలియదు. ముందురోజు నల్ల వండుకొని తిన్నా అది కంగారు పెట్టేది. ఫిట్ కు ఆ పథ్యం అక్కర్లేదు. పెద్దపేగులో చాలా క్యాన్సర్లు చిన్న కండపిలకలుగా మొదలై, సాధారణంగా పదేళ్ళ వరకూ తీసుకొని ముదురుతాయి. ఆ మధ్యకాలంలో అప్పుడప్పుడు రక్తం కారుతుంది. పిలకగా ఉన్నప్పుడే తీసేస్తే క్యాన్సర్ దాకా పోదు. పరీక్ష వెనక ఉన్న లెక్క ఇదే.

ఇక అసహ్యం సంగతి. ఆ పెద్దమ్మ నలుగురు పిల్లల ముడ్లు కడిగింది. పక్షవాతంతో పడిపోయిన భర్తకు నెలల తరబడి అన్నీ మంచం మీదనే చేసింది. ఆదివారం పూట బోటి తెస్తే పేగులు తిరగేసి, సున్నం పెట్టి కడగడంలో ఆమెను మించినవాళ్ళు మా గల్లీలో లేరు. మేక పేగు గలీజు కాలేదు, మొగుడి మలం గలీజు కాలేదు. తన దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మరి ఆగింది వాసనకు కాదు కదా! ఎవరైనా చూస్తారని, కవరు మీద తన పేరుంటుందని, పోస్టులో మలం పంపిన మనిషిని అవుతానని.

ఈ దేశంలో మలాన్ని చూడకుండా బతకడం ఒక హోదా. చూసేందుకు, ఎత్తేందుకు వేరే కులాలను పెట్టుకున్నారు. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, చాలక 2013లో ఇంకోటి వచ్చింది. బెజవాడ విల్సన్ జీవితమంతా దీని మీదనే కొట్లాడుతున్నాడు, 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. అయినా మ్యాన్‌హోళ్ళలో మనుషులు చచ్చిపోతూనే ఉన్నారు. మూసీ మన పక్కనుంచే పారుతుంది. ఎగువన చైతన్యపురి దగ్గర బండ మీద పాత ప్రాకృత శాసనం ఉంది, ఒకప్పుడు అక్కడ బౌద్ధ విహారం ఉండేదని దాన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడదే నదిలో పట్నం మురుగు మన పీర్జాదిగూడ మీదుగా కిందికి పోతోంది. కిటికీలు మూసుకుంటాం, చూడం.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. మనవాళ్ళల్లో కొందరి తాతలు, అవ్వలు ఆ గంప మోసినవాళ్ళు. వాళ్ళ పిల్లలు 'గలీజు పని, నేను చెయ్య' అంటే అది సిగ్గుతో అన్నమాట కాదు, గెలుచుకున్న మర్యాదతో అన్నమాట. దాని మీద ఎవరూ ఉపన్యాసం ఇవ్వొద్దు. కానీ ఇంకొకరి మలాన్ని బలవంతంగా ఎత్తడానికీ, తన ఒంటి సంగతి తెలుసుకోవడానికి తన మలాన్ని తాను చూసుకోవడానికీ పోలిక లేదు. రెంటికీ ఒకటే పేరు పెడితే లాభపడేది మనం కాదు.

వినయ పిటకంలో మరుగుదొడ్డి మర్యాదల మీద ఒక భాగమే ఉంది. మొదట్లో భిక్షువులు అక్కడ కూడా పెద్ద చిన్న వరస పాటించేవారట. చిన్నవాళ్ళు ముందొచ్చినా, పెద్దలు పోయేదాకా బిగబట్టుకొని నిలబడి సొమ్మసిల్లిపోయారు. అప్పుడు భగవానుడు ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు పోవచ్చని చెప్పాడు. లోపల గలీజుగా ఉంటే కడిగి రావాలని కూడా నియమం పెట్టాడు. ఎవరు చేసిన గలీజు అన్న విచారణ లేదు. ఇంకో సంగతి మీకందరికీ తెలిసిందే. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే, భగవానుడే నీళ్ళు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఇక ఆయన సొంత చివరి రోజులు చూడండి. చుందుడి ఇంట భోజనం తర్వాత ఆయనకు రక్త విరేచనాలు అయ్యాయని మహాపరినిబ్బాన సుత్తం ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. తమ శాస్తకు మలంలో రక్తం పడిందన్న సంగతిని సంఘం దాచలేదు. వందల ఏండ్లు నోటితో అప్పజెప్పి మనదాకా తెచ్చింది.

రెండో కారణం గట్టిది. ఇంకేం బతకాలని? అనిచ్చాన్ని నమ్మినవాళ్ళం, జర, వ్యాధి, మరణం తప్పవని రోజూ తలచుకునేవాళ్ళం. మరి డెబ్బై ఏండ్లకు పరీక్షల వెంట పడటం దేనికి?

ఒక చిన్న కొలమానం పెట్టుకుందాం. ఆ పెద్దమ్మ పొద్దున్నే బీపీ గోలీ వేసుకుంటుంది. నెలకోసారి షుగర్ చూపించుకుంటుంది. పన్ను నొస్తే పీకించుకుంది, కంట్లో పొర వస్తే ఆపరేషన్ చేయించుకుంది. అప్పుడెప్పుడూ 'ఏం బతకాలని' అనలేదు. పుల్ల, సీసా కనబడంగనే అనిచ్చం గుర్తొచ్చింది. ఇది వైరాగ్యం చీర కట్టుకున్న సిగ్గే అని నేననుకుంటాను. నిజమైన వైరాగ్యమైతే అన్ని మందుల దగ్గరా ఒకే తీరుగా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పరీక్ష చేయించుకోనంత మాత్రాన చావు మెత్తగా రాదు. పేగు మూసుకుపోతే కడుపు ఉబ్బి రాత్రికి రాత్రి ఆపరేషన్ కావొచ్చు. పొట్ట మీద సంచి పెట్టొచ్చు, ఆ సంచిని రోజూ ఎవరో ఒకరు ఖాళీ చెయ్యాలి. ఆ ఎవరో ఒకరు మన ఇండ్లల్లో కోడలో, కూతురో, లేకపోతే రోజు కూలికి వచ్చే ఆయమ్మో అవుతుంది. ఒక పుల్లెడు మలం తాను ముట్టుకోనని చెప్పినవాళ్ళు, ఆ పనిని తెలియకుండానే ఇంకో ఆడమనిషి చేతిలో పెడుతున్నారు. నా శరీరం నా ఇష్టం అన్న మాట నిజమే, దాని బరువు మోసేది మాత్రం ఎప్పుడూ ఒక్కరే కాదు.

అట్లాగని అందరూ చేయించుకోవాల్సిందే అంటే కూడా తప్పే. ఇంగ్లండులో 75 దాటినవాళ్ళకు పిలవకుండా కవరు రాదు, కావాలంటే అడిగి తెప్పించుకోవచ్చు. దానికి అర్థముంది. ఇవ్వాళ దొరికిన పిలక ముదరడానికి ఏండ్లు పడుతుంది. ఎనభై అయిదేండ్ల మనిషికి, గుండె బలహీనంగా ఉన్న మనిషికి, ఆ తర్వాత చేసే కొలనోస్కోపీతోనే ఎక్కువ నష్టం కావొచ్చు. అరుదుగానైనా పేగుకు చిల్లు పడొచ్చు. పరీక్ష కూడా తప్పు చెప్పొచ్చు. ఉన్నా లేదనొచ్చు, అందుకే రెండేళ్ళకోసారి చేస్తారు. లేకున్నా భయపెట్టొచ్చు. ఫలితం అనుమానంగా వచ్చినవాళ్ళల్లో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. ఇవన్నీ తెలుసుకొని, డాక్టరుతో, ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, 'నాకొద్దు' అనే ముసలాయన అప్పమాదంలోనే ఉన్నాడు. కవరు తెరవకుండా పైన పెట్టినాయన సంగతి వేరు.

కర్మ అనే మాట కూడా ఈ సందర్భంలో వినపడుతుంది. రాసి ఉంటే వస్తుంది, పరీక్షతో ఆగుతుందా అని. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు ఇదే అడిగితే, అన్ని బాధలూ పూర్వకర్మ వల్లనే అనడం సరికాదని భగవానుడు తేల్చి చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, దెబ్బలు, ఇట్లా కారణాలు వేరువేరుగా లెక్కపెట్టాడు. కారణం ఉన్నదానికి వైద్యం వెతకడం ధమ్మానికి కొత్త కాదు.

మరి మన దగ్గర? పీర్జాదిగూడలో ఏ ఇంటికీ ఆ కవరు రాదు. 30 దాటినవాళ్ళకు ప్రభుత్వం చేసే పరీక్షల్లో బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి. పెద్దపేగు లేదు. పడమటి దేశాలతో పోలిస్తే ఇక్కడ ఈ జబ్బు తక్కువే, నిజమే. తక్కువంటే ఎంత? 2020 అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి 60 వేలకు పైగా కొత్త కేసులు. జపాన్ 1992లోనే 40 దాటినవాళ్ళకు ఏటా ఈ పరీక్ష మొదలుపెట్టింది. మనకూ కావాలని అడగడం తప్పు కాదు. కనీసం తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో పేగు క్యాన్సర్ వచ్చినవాళ్ళకైనా ఈ దారి చూపాలి. చికిత్సకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో దాని హద్దును 10 లక్షలకు పెంచారు. కానీ అది జబ్బు బయటపడ్డాక సంగతి.

ఇప్పటికి మన చేతిలో ఉన్నది చూద్దాం. ఉప్పల్ నుంచి పోయే రోడ్డు పొడుగునా గోడల మీద, స్తంభాల మీద మొలల డాక్టర్ల కాగితాలే. రక్తం పడితే 'వేడి చేసింది', లేకుంటే 'మొలలు'. యాభై దాటినవాళ్ళు ఆ మాటతో ఏడాది గడపొద్దు. మలంలో రక్తం కంటికి కనబడినా, దొడ్డికి పోయే అలవాటు వారాల తరబడి మారినా, కారణం లేకుండా రక్తం తగ్గినా, బరువు తగ్గినా, ఇంటి పరీక్ష కోసం ఆగకుండా నేరుగా డాక్టరు దగ్గరికి పోవాలి. ఇంటి పరీక్ష ఏ లక్షణమూ లేనివాళ్ళ కోసం. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ లో ఈ విభాగాలున్నాయి. కార్డున్నవాళ్ళు నాచారం ఇఎస్ఐ ఆసుపత్రిలో మొదలుపెట్టొచ్చు. బయట ల్యాబులో సొంతంగా ఫిట్ చేయించుకునేవాళ్ళు ముందే ఒకటి తేల్చుకోవాలి. రక్తం ఉందని వస్తే కొలనోస్కోపీకి పోతారా? పోనప్పుడు ఆ కాగితంతో భయం తప్ప ఇంకేమీ రాదు.

కొలనోస్కోపీ దాకా వస్తే, ముందురోజు పేగు కడిగే మందు తాగిస్తారు. ఆ రాత్రి పెద్దమనిషి పదిసార్లయినా లేవాలి. బాత్రూమ్ లైటు వేసి ఉంచండి, నేల పొడిగా తుడవండి, చెప్పులు దగ్గర పెట్టండి. షుగర్ గోలీ సంగతి, రక్తం పలచబరిచే గోలీ సంగతి డాక్టరును ముందే అడిగి రాసుకోండి. కొడుకైనా సరే, కోడలైనా సరే, ఒకరు ఆ గది బయట మేలుకొని కూర్చోండి.