నాకు నేనిచ్చుకున్న మాట

దీపావళి సెలవుల మొదటి రోజు రాత్రి నోటు పుస్తకం చివరి పేజీలో ఒక మాట రాసుకున్నాను. రేపటి నుంచి రోజూ పొద్దున ఐదున్నరకు లేచి వ్యాయామం చేస్తాను అని. కింద సంతకం కూడా పెట్టాను. మొదటి రోజే యాభై గుంజీలు తీశాను. చిన్న తరగతుల్లో హోంవర్క్ మరిచిపోతే పది గుంజీలకే ఏడుపొచ్చేది. ఇప్పుడు యాభై తీసినా నవ్వుతూనే ఉన్నాను. పని ఒకటే, ఇంకొకరు తీయమంటే శిక్ష, మనమే అనుకుంటే వ్యాయామం. ఈ సంగతి నాకు భలే నచ్చింది.

మూడో రోజు మెట్లు దిగలేకపోయాను. అలవాటు లేని కండరాలకు లోపల సన్నని దెబ్బలు తగులుతాయట. ఆ నొప్పి వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా ఎక్కువై తర్వాత తగ్గిపోతుంది. కొత్తవాళ్ళు పదితో మొదలుపెట్టాలి, యాభైతో కాదు. ఇవన్నీ మా వ్యాయామం టీచర్ తర్వాత చెప్పారు. మొదటి కొన్ని వారాల్లో బలం పెరిగితే అది ఎక్కువగా కండ పెరిగినందువల్ల కాదట, ఉన్న కండను వాడుకోవడం నరాలు నేర్చుకున్నందువల్లనట. అంటే అద్దంలో ఏమీ కనబడదు. నొప్పేమో ముందు వస్తుంది, ఫలమేమో మెల్లగా వస్తుంది. మానేయడానికి ఇంకేం కావాలి? నాలుగో రోజు మానేశాను.

ఎవరూ అడగలేదు. ఎవరికైనా తెలిస్తే కదా అడగడానికి! కానీ నేను అబద్ధమాడినట్టా, కాదా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. నా స్నేహితురాలితో అంటే తను వకీలు లాగా వాదించింది. "నువ్వు నాకు మాటిస్తే, పర్వాలేదులే అని నేను నిన్ను వదిలేయొచ్చు. నీకు నువ్వే మాటిచ్చుకుంటే వదిలేసే హక్కు కూడా నీదే కదా? ఇంక తప్పెక్కడుంది?" అంది. చాలాసేపు జవాబు దొరకలేదు.

మంచిదని తెలిసి కూడా మనిషి చెయ్యకుండా ఉండడం అసాధ్యం, చెయ్యలేదంటే అతనికి నిజంగా తెలియనట్టే అని సోక్రటీసు వాదించాడు. అరిస్టాటిల్ ఒప్పుకోలేదు, తెలిసి కూడా జారిపోయేవాళ్ళు ఉంటారన్నాడు. పొద్దున ఐదున్నరకు దుప్పటి లోపల నుంచి చూస్తే అరిస్టాటిల్ చెప్పిందే నిజమనిపిస్తుంది. రాత్రి మాటిచ్చిన నేను వేరు, పొద్దున "పర్వాలేదులే" అన్న నేను వేరు. ఆ పర్వాలేదు అన్నదానికి నష్టమేమీ లేదు, ఇంకో గంట నిద్ర దొరికింది. నష్టపోయేది పదేళ్ళ తర్వాతి నేను. ఆమెను ఎవరూ అడగలేదు. నా స్నేహితురాలి వాదంలో ఈ మూడో మనిషి లేదు.

ఇదంతా ఇలాగే పుస్తకంలో ఉండిపోయేదేమో, మా నాయనమ్మ సంగతి రాకపోతే. ఆమెకు షుగర్ ఉంది. రోజూ అరగంట నడవాలని డాక్టర్ చెప్పి ఏడాదైంది. పెద్దవాళ్ళు వారానికి కనీసం నూటయాభై నిమిషాలు చురుగ్గా నడవడం లాంటిది చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. మా నాయనమ్మ నడవదు. పొద్దున్నే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూచుంటే మళ్ళీ లేచేది వంటకే. ఒక రోజు నేను కోపంగా "నీకు బద్ధకం నానమ్మా" అన్నాను. ఆమె తునికాకు కత్తిరిస్తూనే అడిగింది: "నువ్వెన్ని దినాలు చేసినవ్ బిడ్డా?"

మూడు అని చెప్పలేకపోయాను.

ఆమెకు ఎలా తెలిసిందో ఏమో. సిగ్గుతో పాటు ఇంకో ఆలోచన వచ్చింది. నేను మానేస్తే నాకు నిద్ర మిగిలింది. ఆమె నడిస్తే ఆ అరగంటలో చుట్టే బీడీలు తగ్గుతాయి, కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఇద్దరం వ్యాయామం చేయలేదు, కానీ ఇద్దరిదీ ఒకటే తప్పు ఎలా అవుతుంది? నాది బద్ధకం, ఆమెది లెక్క. మా నాన్న కూడా కార్ఖానాలో సాంచల మధ్య పగలంతా తిరుగుతాడు, సాయంత్రం కాళ్ళు వాచి వస్తాడు, నడవమని ఆయనకు ఎవరు చెప్తారు? సోలాపూర్‌లో మా గల్లీలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. రోజుకు పది వేల అడుగులు వెయ్యాలని ఫోన్లలో చూపిస్తారు. ఆ సంఖ్య 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చిందట, దాని పేరుకు అర్థమే పది వేల అడుగుల మీటరు. మా నాయనమ్మకు ఇప్పటికే వెయ్యి లెక్క ఉంది, ఇంకో పది వేల లెక్క నేనెందుకు పెట్టాలి?

అందుకని పొద్దున నీళ్ళు పట్టే పని, గిన్నెలు తోమే పని ఆమె దగ్గర నుంచి నేను తీసుకున్నాను. ఆ అరగంట ఆమెకు మిగిలింది. మొదట ఒప్పుకోలేదు, "నువ్వు మళ్ళా మూడు దినాలే" అంది. ఇప్పుడు ఇద్దరం గల్లీ చివర దాకా వెళ్ళి వస్తున్నాం. నిన్నటికి పదకొండు రోజులు, మధ్యలో రెండు రోజులు పోయాయి. ఒక రోజు నేను లేవలేదు, ఒక రోజు ఆమె రానంది. దారిలో తెలిసినవాళ్ళు కనబడితే ఆమె ఆగి ఐదు నిమిషాలు మాట్లాడుతుంది. ఆ ఐదు నిమిషాలు నడకలో కలపాలా వద్దా అని మా ఇద్దరికీ రోజూ కొట్లాటే, ఇంకా తేలలేదు.