ఆ మందు ఆపితే చంపినట్లా?



షుగరు ఉన్న మనిషి కాలిలో ముల్లు దిగుతుంది. నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తారు. చీము పట్టి, జ్వరం వచ్చి, మాట తడబడుతుంది. మామిడికుదురు నుండి అమలాపురమో కాకినాడో చేర్చేసరికి బి.పి. పడిపోతుంది. డాక్టరుగారు ‘సెప్టిక్ షాక్’ అంటారు. కొన్నాళ్ళకు ఐ.సి.యు. తలుపు దగ్గర ఇంటివారిని అడుగుతారు: “మందు కొనసాగించమంటారా?” వారు గురువును అడిగేది ఒకటే: “ఆపమంటే మేమే చంపినట్లా, ఫాదర్ గారూ?”

ముందుగా ఆ మందు చేసే పని తెలుసుకోవాలి. క్రిములతో శరీరం చేసే పోరాటం అదుపు తప్పి రక్తనాళాలు సడలిపోతాయి. అవయవాలకు రక్తం చాలదు. సెలైనుతో బి.పి. నిలబడనప్పుడు నార్ అడ్రినలిన్ ఎక్కించి నాళాలను బిగిస్తారు. గుండె బలహీనపడితే డోబుటమిన్ కలుపుతారు. ఇవి రోగాన్ని నయం చేయవు. గోదావరి వరదలో ఏటిగట్టుకు ఇసుక బస్తాలు వేస్తాము. బస్తాలు వరదను తగ్గించవు, వరద తీసే వరకు గట్టును కాస్తాయి. ఇక్కడ వరదను తీయించేది యాంటిబయాటిక్, కుళ్ళును తొలగించే శస్త్రచికిత్స.

కనుక ఆశ ఉన్నంతకాలం ఆ మందు ఇప్పించడం మన విధి. కానీ యాంటిబయాటిక్ పనిచేయక, అవయవాలు ఒక్కొక్కటే చేతులెత్తేసి, మందు మోతాదు పెంచేకొద్దీ వేళ్ళు నల్లబడుతుంటే? ఇక మరణాన్ని వాయిదా వేయడమేనని వైద్యులు తేల్చితే?

సాధారణ చికిత్సకే మనం బద్ధులమని, మోయలేని భారమైన అసాధారణ చికిత్సకు కాదని 1957లో పన్నెండవ పయస్ పాపుగారు వైద్యులకు బోధించారు. 1980లో శ్రీసభ ఆ మాటనే తిరిగి ప్రకటించింది. అటువంటి స్థితిలో మందు ఆపడం చంపడం కాదు. మరణాన్ని ఆపలేమని అంగీకరించడం. ప్రాణం తీయడానికి ఇంజెక్షను ఇవ్వడం మాత్రం హత్యే. మన సుప్రీంకోర్టు కూడా 2018లో, వైద్య బృందాల పరిశీలన వంటి నియమాలతో, చికిత్స విరమణను అనుమతించింది.

అయితే మన మనస్సాక్షిని మనం ఒక ప్రశ్న అడగాలి. “ఇక చాలు” అన్నది ఆశ అయిపోయినందుకా, డబ్బు అయిపోయినందుకా? కుటుంబంపై పడే మితిమీరిన ఖర్చును లెక్కలోకి తీసుకోవచ్చునని శ్రీసభే చెప్పింది. కొబ్బరితోట అమ్మలేనివాడు పాపి కాడు. కానీ కోలుకునే ఆశ ఉండి డబ్బు లేక మందు ఆగితే, జవాబు చెప్పవలసింది ఆ ఇల్లు ఒక్కటే కాదు, విచారణ అంతా.

కువైట్ నుండి కూతురు వచ్చే వరకు ఒకటి రెండు రోజులు నిలపమని కోరడం మానవ సహజం. రోగి బాధపడకపోతే అందులో తప్పు లేదు. ఊరివాళ్ళ మాటకు జడిసి వారాల తరబడి ఆ శరీరాన్ని హింసించడం ప్రేమ కాదు.

మందు ఆగినా సేవ ఆగకూడదు. నోరు తడపండి, నొప్పికి మందు అడగండి, చేయి పట్టుకోండి. అభ్యంగనానికి గురువును మాట తెలిసి ఉన్నప్పుడే పిలవండి. అది చావు కబురు కాదు, రోగికి బలం.