గ్రాసమా, దాయభాగమా?

వేముల మండలమందలి తుమ్మలపల్లె యురేనియము గనిలోనికి నిట్టనిలువు బావి గుండ దిగరు. ఖనిజపు పొర యే వాలున భూగర్భమునకు క్రుంగుచున్నదో ఆ వాలునే యనుసరించి త్రవ్విన బాటల వెంట మనుష్యులు దిగుచున్నారు, యంత్రములు దిగుచున్నవి, త్రవ్విన రాయి పైకి వచ్చుచున్నది. కావున వాలుబాట వేయు విద్య ఈ సీమకు క్రొత్తది కాదు; అందుకు వలసిన రాతికి గాని, రాతిపనివారికి గాని కడప జిల్లాలో కొదువయు లేదు. అట్టిచోట కాళ్లు చచ్చుబడిన బాలుడొకడు బడిలో చేరబోయి ముంగిటి మెట్ల చెంత నిలిచిపోయినచో, అచట తలయెత్తు ప్రశ్న తాపీపనికి సంబంధించినది కాదు, ధర్మమునకు సంబంధించినది. ఆ బాలుని లోనికి చేర్చుటకు మనము చేయు ఏర్పాటు దయయా, తీర్పవలసిన ఋణమా?

ఈ ప్రశ్నకు మన పల్లెలలో సిద్ధముగ నున్న సమాధానము కర్మము. “యా జన్మలో యేం పాపం జేసినాడో” అని అరుగులపై కూర్చున్నవారు అనుకొందురు. ఆ మాట తల్లి చెవిని పడును. క్రమముగ ఆమెయు దానినే నమ్మి, హెడ్మాస్టరు నడుగవలసినదానిని గండి వీరాంజనేయస్వామి కడకు కొనిపోయి మ్రొక్కుకొనును. మ్రొక్కును నేను తప్పుపట్టను. మనసునకు ఊఱట కావలెను. కాని కర్మసిద్ధాంతమును ఇంత చులకనగ వాడుకొనుట ఆ సిద్ధాంతమునకే అపచారము. దేహము పూర్వజన్మఫలమని వాదమునకై యొప్పుకొందము. మఱి మెట్లు ఎవరి పూర్వజన్మఫలము? వానిని ఒక కంట్రాక్టరు, ఒక బిల్లుపై, మన కన్నులయెదుట కట్టినాడు. కాలు విధి యొసగినదైన నగుగాక, మెట్టు మనము చేసినది. చేసినవానికే ఫలము చెందునను న్యాయమును నిజముగ నమ్మువాడు ఆ మెట్టు యొక్క పాపమును బాలుని ఖాతాలో వ్రాయజాలడు.

ఇతర మార్గములవారును ఈ లెక్కను సరిచూచినారు. మనుష్యు డనుభవించు సమస్తమును పూర్వకర్మము వలననే కలుగునను వాదమును బుద్ధభగవానుడు త్రోసిపుచ్చి, పిత్తశ్లేష్మములు, ఋతువుల మార్పులు మున్నగు కారణములను ఎత్తి చూపినట్లు పాలివాఙ్మయమున నున్నది. పుట్టుగ్రుడ్డివానిని చూపి, పాపము చేసిన దెవరని శిష్యు లడిగినపుడు, వాడును గాదు, వానిని గన్నవారును గారని యేసు చెప్పినట్లు యోహాను సువార్త. ఖురానులోని ఎనుబదియవ సూరాయైతే, నేర్చుకొన గోరి వచ్చిన అంధుని యెదుట ముఖము చిట్లించుటను మందలించుచునే ఆరంభమగుచున్నది. ఆ అంధుడు భిక్షకై రాలేదు, జ్ఞానమునకై వచ్చినాడు. మన బాలుని విషయమును అంతియే గదా.

మన సంప్రదాయమున మచ్చ లేదని చెప్పబోను. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున అంధులకు, బధిరులకు, ఇంద్రియవికలులకు దాయభాగము లేదని విధించి, వెనువెంటనే, వారికి యావజ్జీవము గ్రాసాచ్ఛాదనము లీయనివాడు పతితుడగునని చెప్పినది. కూడు పెట్టుము, గుడ్డ యిమ్ము, పాలు మాత్రము పంచకుము అను నీ యేర్పాటును కఠినమైనదనుట కంటె తెలివైనదనుట యొప్పు. ఏలనన ఇచ్చువానికి పుణ్యమును, పుచ్చుకొనువానికి పరాధీనతను ఒకే చేతితో ప్రసాదించుచున్నది. 1928 నాటి శాసనము ఈ యనర్హతలను చాలమట్టుకు తొలగించెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, వ్యాధి, లోపము, వైకల్యము అను కారణములచే ఎవరి వారసత్వమును పోదని 28వ సెక్షనున తేటపఱచెను. చీనీతోటలో పాలు విషయమున తగవు అంతటితో తీఱినది. చదువులో పాలు విషయమున తీఱలేదు. 2024 జూలై నుండి మన రాష్ట్రమున వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, అది ఇంటికే వచ్చి చేతికందుచున్నది, సంతోషము. కాని పింఛను గ్రాసము, బడి భాగము. “వానికి పింఛనీ వస్తాండాది గదా, ఇంగ బడెందుకు” అని యడుగువాడు మనుస్మృతి పేరైనను వినియుండకపోవచ్చును. పలుకుచున్నది మాత్రము ఆ స్మృతియే.

అదే సంప్రదాయము ఇంకొక మాటయు చెప్పినది, దానిని మనము మఱచితిమి. పుట్టినవాడు మూడు ఋణములతో పుట్టుననియు, అందు ఋషిఋణమును విద్యాభ్యాసముననే తీర్పవలెననియు తైత్తిరీయసంహిత. ఆ వాక్యము బ్రాహ్మణునే ఉద్దేశించినదని నాకు తెలియును. చదువు ప్రతి బిడ్డకును హక్కయిన ఈ కాలమున దానిని ప్రతి బిడ్డకును అన్వయించుటకు నేను సంకోచింపను. అన్వయించితిమా, లెక్క తలక్రిందులగును. చక్రాల కుర్చీలో వచ్చిన పిల్ల మన దయను యాచింప వచ్చినది కాదు, తన బాకీ తీర్ప వచ్చినది. బాకీ తీర్ప వచ్చినవానిని వాకిటనే నిలిపి, వీడు తీర్పలేదని వీధిలో చాటించు షావుకారును లోకమేమనును?

ఋణమనుకొన్నపుడు అడుగవలసినవి సూక్ష్మముగ కనబడును. వాలు ఎంత యుండవలె ననిన, అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు. అంతకు తగ్గినచో అది పేరునకు ర్యాంపే గాని కుర్చీ యెక్కదు. మన సీమలో చౌకగ దొరకునది కడప బండ; మెఱుగుపెట్టిన బండ వానకు జారును, కావున గఱుకు బండనే పఱువవలెను. మరుగుదొడ్డి తలుపు వెడల్పు, ప్రక్కన పట్టుకొనుటకు కమ్మి, ఇవి లేనందున ఉదయమునుండి నీళ్లు త్రాగక కూర్చుండు ఆడపిల్లల బాధ పాఠ్యపుస్తకముల కెక్కదు. మేడమీది తరగతిని క్రిందికి మార్చుటకు కాణి ఖర్చు లేదు, ఉండవలసినది మనసు. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్న 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, ప్రభుత్వధనము పొందు బడులనే గాక ప్రభుత్వపు గుర్తింపు పొందిన బడుల నన్నింటిని, బిడ్డ అవసరమునకు తగిన ఏర్పాట్లు చేయుడని నిర్దేశించుచున్నది. కావున “మా బాధ్యత కాదు” అను ప్రైవేటు బడి మాట చెల్లదు. తీవ్రవైకల్యము గలవారికి ఇంటివద్ద చదువు అను వెసులుబాటును 2012లో విద్యాహక్కు చట్టమున చేర్చిరి. దానిని కోరుకొను హక్కు బిడ్డది, బడికి రావలదని చెప్పు హక్కు బడిది కాదు. వ్రాయలేని చేతికి లేఖకుని ఇచ్చుటకు నలువది శాతము వైకల్యముండి తీరవలెనను పట్టుదలను సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసున త్రోసివేసినది.

ఇచట నాకు గల యొక సందేహమును చెప్పవలెను. ఇట్టి ప్రసంగము వచ్చినపుడెల్ల మనము అష్టావక్రుని స్మరింతుము. ఎనిమిది వంకరల దేహముతో జనకుని యజ్ఞవాటమునకు వచ్చిన ఆ బాలుని ద్వారపాలకుడు అడ్డగించెను, బాలుడు వాదించి లోనికి పోయెను, ఆస్థానపండితుడైన వందిని జయించెను, తండ్రిని తెచ్చుకొనెను. మన కాలమున మచిలీపట్నము చెంత సీతారామపురమున పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథయు అట్టిదే. అంధుడను కారణమున పదవ తరగతి పిదప సైన్సు చదువ వలదనగా, న్యాయస్థానమున కెక్కి గెలిచి, 98 శాతము మార్కులు తెచ్చుకొని, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చేరెను. 2024లో అది చలనచిత్రముగను వచ్చినది. ఇరువురకును నమస్కరింతును. కాని ఈ కథలు మనకు నచ్చుటలో మోసమున్నది. వారికి ద్వారము తెఱచినది వారి ప్రజ్ఞయే గాని ధర్మము కాదు. వందిని జయింపలేని బాలుని మాట యేమి? ముప్పదియైదు మార్కులతో బయటపడి, ఊరిలో చిన్న కొట్టు పెట్టుకొని బ్రతుకదలచిన పిల్లవాని మాట యేమి? కాళ్లున్న మందబుద్ధికి బడి ద్వారము ఎన్నడును పరీక్ష పెట్టలేదు. కాళ్లు లేనివాడు మాత్రము మహామేధావియై పుట్టి తీరవలెనా? దాయభాగమునకు కొడుకైనచో చాలును, పండితుడు కానక్కఱలేదు.

ఒక్కనికై ఇంత వ్యయమా అను ఆక్షేపమును ఎక్కువ విచారింప నవసరములేదు. ఆ వాలుబాటపై మోకాళ్లనొప్పుల పంతులుగారును, మధ్యాహ్నభోజనపు బియ్యపు బస్తాలును పోవును.

కావున ఇట్టి బిడ్డలుగల తలిదండ్రులకు నా విన్నపము. అర్జీని నోటితో చెప్పి ఊరకుండక కాగితముపై వ్రాయుడు. వైకల్యమును ధ్రువపఱచు సదరం సర్టిఫికెట్టు నకలు జతపఱుపుడు. ముట్టినట్లు సంతకము తీసికొనుడు. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతుల సభ్యులు తలిదండ్రులే యుండవలెనని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఆ సమావేశమునకు పోయి, అందఱు వినునట్లు అడుగుడు. కాగితములో మాత్రము “దయయుంచి కనికరింపుడు” అని వ్రాయకుడు. 2016 చట్టము 16వ సెక్షను ననుసరించి ఏర్పాటు చేయుడని వ్రాయుడు.