మేత పెట్టు చేతి బాధ్యత

మంచి తలంపుతో పెట్టిన మేత జంతువునకు కీడు చేసినచో, పెట్టినవాడు నిర్దోషి యగునా? గుఱ్ఱమును చూచి ఈ ప్రశ్నను విచారింతము.

గుఱ్ఱము రోజులో సగమునకు పైగా కొంచెము కొంచెముగ గడ్డి మేయుచు గడపు జంతువు. దేహమును బట్టి చూడ దాని కడుపు చిన్నది. బలము రావలెనని ఒక్కసారిగా ధాన్యము మెండుగ పెట్టినచో, అరుగని పిండిపదార్థము పెద్దప్రేగులో పులిసి కడుపునొప్పిని, గిట్టలలో వాపును తెచ్చును. గుఱ్ఱము ఉలికిపడును, నిలకడ తప్పును. యజమాని దానిని పొగరనుకొని కొరడా తీయును. దోషము దాణాది, దెబ్బ గుఱ్ఱమునకు!

బలవర్ధకముల సంగతియు నిట్టిదే. సెలీనియము రవ్వంత లేకున్న కండలు చెడును. అధికమైనచో జూలు రాలును, గిట్టలు చీలును. 2009 ఏప్రిలులో అమెరికాలోని ఫ్లోరిడాలో 21 పోలో గుఱ్ఱములు చనిపోయినవి. సూదిమందుగ ఇచ్చిన బలవర్ధకములో సెలీనియము కొలత తప్పుటయే కారణము. ఎవరును చంపదలచలేదు. కోళ్ల దాణాలో కలుపు మోనెన్సిన్ అను మందు గుఱ్ఱము గుండెను చెఱచును. ఒకే మిల్లులో రెండు దాణాలు ఆడించునపుడు యంత్రమును శుభ్రము చేయకున్న ఈ అపాయము కలదు.

అహింసావ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో అన్నపాన నిరోధ మొకటి. మేత మాన్పుట దోషమని మనమెఱుగుదుము. కొలత విచారింపక అతిగ పెట్టుటయు దానికి తోబుట్టువే యని నా అభిప్రాయము. తెలియనివానికి క్షమ కలదు. తెలిసికొను వీలుండియు అడుగనివానికి లేదు. త్రాసు పట్టి బ్రదుకు మనకు ఇది క్రొత్త మాట కాదు. దాణా అమ్మువాడు బస్తాలో నేమున్నదో, ఏ జంతువునకు తగదో చెప్పి అమ్మవలెను. కొనువాడు పశువైద్యు నడిగి పెట్టవలెను. నోరులేని జీవి తానై అడుగజాలదు గదా!