పలుకు చెదరిన మాత్రమున బుద్ధి చెదరునా?

నోటిలో అంగిలి వెనుకభాగమున, కొండనాలుక వ్రేలాడుచోట, ఎముక లేని మెత్తని భాగ మొకటి కలదు. మనము మాటలాడునపుడు ఈ మెత్తని అంగిలి పైకి లేచి, గొంతు వెనుకగోడను ఆని, ముక్కునకు పోవు దారిని మూయును. ఙ, ఞ, ణ, న, మ అను అక్షరములకు మాత్రము క్రిందికి దిగి ఆ దారిని తెరచును. నోటితోను ముక్కుతోను కలసి పుట్టు ధ్వనియే అనునాసికమని పాణిని ఏనాడో నిర్వచించెను.

ఈ తలుపును నడపునవి నరములు. పక్షవాతము వలన గాని, మోటారు న్యూరాన్ వ్యాధి వలన గాని అవి చెడినచో తలుపు సరిగా మూతపడదు. అపుడు బకారము మకారమువలెను, డకారము ణకారమువలెను వినబడును. 'బడి' యన్నది 'మణి' యగును. గాలి ముక్కులోనికి జారుటచే వాక్యము నడుమనే ఊపిరి చాలక ఆగవలసివచ్చును. త్రాగిన నీరు ముక్కున వచ్చుటయు కలదు. మయస్థీనియా గ్రేవిస్ అను వ్యాధిలో మాటలాడినకొలది పలుకు చెదరి, విశ్రాంతి పిమ్మట తేరుకొనును.

ఇట్టివాని పలుకు విని 'మతి చలించినది' అని లోకము తీర్పు చెప్పును. ఇది ధర్మమా? మెదడులో భాషాస్థానము దెబ్బతిని మాటలే తోచకపోవుట వేఱు. ఇచట మాట లోపల సిద్ధముగనే యున్నది. వెలికి వచ్చు దారియే చెడినది. వ్యాధి కొందఱిలో తెలివిని కూడ తాకవచ్చును. అది వైద్యుడు పరీక్షించి చెప్పవలసినదే గాని, పలుకు విని మనము నిర్ణయింపదగినది కాదు. నేను జాబులు చదివి వ్రాసి బ్రతికిన గుమాస్తాను. సిరా అలికిన జాబును చూచి, వ్రాసినవాడు అవివేకి యని ఏ గుమాస్తాయు దస్త్రమున వ్రాయడు. వెలుతురునకు పట్టి చదువును.

స్టీఫెన్ హాకింగ్ (1942–2018) అను శాస్త్రవేత్తకు 1963లో మోటారు న్యూరాన్ వ్యాధి బయటపడెను. 1985లో గొంతునకు శస్త్రచికిత్స జరిగి స్వరము పూర్తిగా పోవుటకు ముందే ఆయన పలుకు సన్నిహితులకు తప్ప తెలియకుండెను; వారే ఆయన మాటను సభలకు మరల వినిపించెడివారు. కాలమును గూర్చిన ఆయన ప్రసిద్ధగ్రంథము వెలువడినది 1988లో. అట్టి సహాయకుని ధర్మము సున్నితమైనది: రోగి మాటను చేరవేయవలెను, తన మాటను చేర్చరాదు.

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో ఈ ధర్మము మఱింత బరువైనది. తాతగారు తెలుగున పలుకుదురు. వైద్యుడు తమిళముననో, ఒడియాలోనో, కన్నడముననో అడుగును. నడుమ మనుమడు నిలుచును. 'మణి' యని వినబడినది 'బడి' యని గ్రహించుటకు వినువానికి ఆ భాష నిండుగా తెలిసియుండవలెను. పిల్లలకు తెలుగు నేర్పుట పండుగనాటి పద్యముల కొఱకే కాదు. పరభాషను తడబడి పలికిన మన పెద్దలను మందమతులుగా చూచిన చూపు మన మెఱుగనిది కాదు. ఆ చూపునే మన యింటి రోగిపై నిలుపుట తగునా?

సగము మాటను మనమే పూర్తిచేయుట దయవలె తోచును. రోగి కోరినచో అది సహాయమే; కోరకున్నచో ఆయన నోటిని మనము మూసినట్లే. అర్థము కాకున్నను తల యూపుట అసత్యము; 'మరల చెప్పుడు' అనుట అవమానము కాదు. ఔను, కాదు అను జవాబులు చాలునట్లు ప్రశ్నింపవచ్చును; పలకపై వ్రాయింపవచ్చును; అక్షరముల పట్టికను చూపవచ్చును. మయస్థీనియాకు మందులు కలవు. అంగిలిని పైకెత్తి పట్టు సాధనమును దంతవైద్యులు కొందఱికి అమర్చగలరు. కావున వైద్యుని చూడక 'వయసు మీరినది' అని ఊరకుండరాదు.

ఆస్తి పంపకమైనను, చికిత్సయైనను, ఆయన యెదుటనే ఆయన లేనట్లు నిర్ణయించుట పలువురి యిండ్లలో జరుగుచున్నది. చెప్పువాని శక్తి తగ్గినపుడు వినువాని ఓర్పు పెరుగవలెను. మాట యనునది ఇరువురు కలసి మోయు బరువు గదా.