వెండినీళ్లు వద్దు

చిరంజీవి మేనల్లుడికి, విజయనగరం నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మూలపడ్డ ఇండక్షన్ స్టౌ విప్పి, దాని బోర్డు నుంచి కరెంటు తీసి, రెండు వెండి తీగలు నీళ్లలో దించి కొల్లాయిడల్ సిల్వర్ అనే వెండినీళ్లు చేస్తానన్నావు. రోజూ రెండు చెంచాలు పట్టిస్తే అమ్మమ్మ కిడ్నీలు బాగుపడతాయని ఎవరో చెప్పారన్నావు. పాడైన వస్తువుని పారెయ్యకుండా పనికి తెచ్చే నీ గుణం నాకు మొదట్నుంచీ ఇష్టం. ఈ పని మాత్రం చెయ్యకు నాన్నా.

ముందు ఆ బోర్డు సంగతి. మీటరు పెడితే 18 వోల్టులే చూపిస్తుంది, బ్యాటరీ పాటిదే కదా అనిపిస్తుంది. చాలా ఇండక్షన్ స్టౌల్లో ఆ 18 వోల్టుల లైనుని ఇంటి 230 వోల్టుల నుంచి విడదియ్యరు. అంతా ప్లాస్టిక్ పెట్టెలో, గాజు పలక కింద మూసి ఉంటుంది, మనిషి చెయ్యి తగలదని వాళ్ల ధీమా. నువ్వు పెట్టె విప్పి తీగలు నీళ్లలో వేస్తే ఆ నీళ్లు ముట్టుకున్నవాడు మెయిన్ లైను ముట్టుకున్నట్టే. కావాలంటే అందులోని చిన్న ఫ్యాను ఊడదీసి, బోర్డుతో సంబంధం లేకుండా 12 వోల్టుల బ్యాటరీకి కలుపు. మా అమ్మ మంచం దగ్గర పెట్టొచ్చు, కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి మాత్రం అసలే పోకు. ప్లగ్గు పీకేశాక కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి మిగిలిపోవచ్చు.

సరే, బ్యాటరీతోనే చేస్తానంటావు. అప్పుడూ వద్దనే అంటాను.

మన ఒంట్లో వెండికి పనేమీ లేదు. తాగినదాంట్లో చాలామటుకు బయటికి పోయినా కొంత లోపలే పేరుకుంటుంది. చర్మంలో చేరింది వెలుతురు తగిలేకొద్దీ, పాత ఫొటో ఫిల్ము మీది వెండిలాగే, నల్లబడుతుంది. మనిషి నీలి బూడిద రంగుకి మారిపోతాడు. డాక్టర్లు దీన్ని ఆర్జీరియా అంటారు. ఆ రంగు మామూలుగా ఇక పోదు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో స్టాన్ జోన్స్ అనే రాజకీయ నాయకుడుండేవాడు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోయి యాంటీబయాటిక్స్ దొరకవేమోనన్న భయంతో 1999లో ఈ నీళ్లు ఇంట్లోనే చేసుకుని తాగాడు. 2002లో సెనేట్‌కి పోటీ చేసేనాటికి ఆయన ముఖం నీలంగా ఉంది. అదే 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కొల్లాయిడల్ సిల్వర్ ఏ జబ్బుకీ పనిచేస్తుందని గానీ, క్షేమమని గానీ ఒప్పుకోలేమని తేల్చేసింది.

వైద్యంలో వెండి లేకపోలేదు. కాలిన పుండ్లకి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము ఇప్పటికీ రాస్తారు. అది పైపూత, కొలతతో చేసింది. నీ గ్లాసులో ఎంత వెండి దిగిందో చెప్పడానికి నీ దగ్గరేముంది? ఆయుర్వేదంలో రజత భస్మం ఉంది కదా అని అడుగుతావేమో. దాని తయారీ వేరు, దాన్ని ఇవ్వాలో వద్దో చెప్పడానికి వైద్యుడుండాలి. దాని పేరు చెప్పి ఈ నీళ్లు పొయ్యకూడదు.

పైగా అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. వెండి ఆ మాత్రని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. కొన్ని రకాల యాంటీబయాటిక్స్‌నీ అంతే. మోతాదు మించితే కిడ్నీలే దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. కిడ్నీ కోసమని కిడ్నీకే చేటు తెస్తామా?

నీ భయం నాకు తెలుసు. ఉద్దానంలో పుట్టినవాడికి ఆ భయం ఒకరు నేర్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా డయాలసిస్ మాట వినపడని వీధి అరుదు. ఇన్నేళ్లు పరిశోధించినా అక్కడి కిడ్నీ జబ్బుకి ఇదీ కారణం అని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. కారణం తెలియని జబ్బు ఉన్నచోట ప్రతివాడూ ఒక మందు చెబుతాడు. చెప్పినవాడి మీద నాకు కోపం లేదు. నా దిగులంతా అమ్మ గురించే. నువ్వేమిచ్చినా ఆవిడ ఇదేమిటని అడగదు, కళ్లు మూసుకుని తాగేస్తుంది. అక్కడితో ఆగుతుందా? "మా గుంటడు సేసినాడు" అని మురిసిపోయి పక్కింటావిడకీ ఓ గ్లాసు పోస్తుంది. నిన్ను అంతగా నమ్మిన మనిషికి, అదేమిటో నీకే సరిగ్గా తెలియని నీళ్లు ఎలా ఇస్తావు?

నీ శ్రద్ధకి వేరే పని ఉంది. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే మాత్రలున్నాయే, డైక్లోఫెనాక్ లాంటివి, అవి కిడ్నీలకి నిజంగా హాని చేస్తాయి. పోపుల పెట్టెలో, తలగడ కింద, చీర కొంగు ముడిలో ఎక్కడెక్కడ దాచుకుందో వెతుకు. ఆవిడ మీద కోప్పడకు, నొప్పికి తాళలేకే వేసుకుంటోంది. బీపీ మాత్ర మాత్రం ఒక్కపూట కూడా మానకుండా చూడు.

పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. శనివారం నేను కవిటి వస్తాను, ఆదివారం ఉండిపోయి సోమవారం పొద్దున్నే అమ్మని అక్కడికి తీసుకెళ్దాం. క్రియాటినిన్ పరీక్ష కాగితాలు పాతవీ కొత్తవీ తేదీల వారీగా ఒక కవరులో పెట్టు. నీకు దొరికిన మాత్రల అట్టలు, ఖాళీవైనా సరే, అందులోనే వెయ్యి. ఎన్నాళ్ల నుంచి వాడుతోందో మీ అమ్మని అడిగి ఒక కాగితం మీద రాసి ఉంచు. డాక్టరు మొట్టమొదట అడిగేది అదే.

మీ మావయ్య