ఈ జబ్బు ఎవరి పాపం?

రోగుల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లే విచారణ గురువులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "నేనేం పాపం చేశానని ఫాదర్, నాకీ జబ్బు?" క్షయ వచ్చినవారికంటే లూపస్, కీళ్లవాతం వంటి జబ్బులు వచ్చినవారి నోట ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. క్షయకు ఒక క్రిమి ఉంది, అది బయటినుంచి వచ్చిన శత్రువు. ఈ జబ్బుల్లో అటువంటి శత్రువు కనబడడు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే సొంత శరీరాన్ని పరాయిదిగా ఎంచి దానిమీద పడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే. వైద్యులు వీటిని ఆటోఇమ్యూన్ వ్యాధులంటారు. లూపస్‌లో చర్మం, కీళ్లు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఆ రోగుల్లో పదిమందికి సుమారు తొమ్మిదిమంది స్త్రీలే, అందులోనూ ఎక్కువమంది పిల్లలను కనే వయసువారు. కనుక మన ఇళ్లలో ఆ ప్రశ్న రోగి దగ్గర ఆగదు. "వాళ్ల వంశంలోనే ఉంది, దాచిపెట్టి పిల్లనిచ్చారు" అని అత్తవారింట ఒక మాట. "అక్కడ మనసు కష్టపెట్టి పిల్లను ఇలా చేశారు" అని పుట్టింట ఒక మాట.

ఈ తగవులో ఒకరు పుట్టుకను తప్పుపడుతున్నారు, మరొకరు బ్రతుకును. శాస్త్రం ఏమంటోంది? ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు ఒకటే. జబ్బు పూర్తిగా జన్యువులదే అయితే ఒకరికి వచ్చినప్పుడు రెండోవారికీ రావాలి. 1992లో వెలువడిన ఒక పరిశోధనలో, అటువంటి కవలల్లో ఇద్దరికీ లూపస్ ఉన్నది నూటికి సుమారు 24 జంటల్లోనే. వేర్వేరు అండాల కవలల్లోనైతే నూటికి రెండే. వంశం మాట అబద్ధం కాదు గాని, మొత్తం నిజమూ కాదన్నమాట.

మిగిలిన భాగంలో కొంత వివరించడానికి వచ్చినదే ఎపిజెనెటిక్స్. ఈ పేరు 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పెట్టారు. గుడిలో పాటల పుస్తకం అందరి చేతిలోనూ ఒకటే. ఈ ఆదివారం ఏది పాడాలో, ఏది వదలాలో గాయక బృందం పెద్ద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటాడు. అచ్చయిన అక్షరం మారదు, వినబడే పాట మారుతుంది. అలాగే జన్యువు మీద మిథైల్ అనే చిన్న రసాయనపు గుర్తు పడితే సాధారణంగా అది మౌనం వహిస్తుంది. గుర్తు చెరిగితే నోరు విప్పుతుంది. 1990లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ రిచర్డ్‌సన్ బృందం, లూపస్ రోగుల టీ కణాల్లో ఈ గుర్తులు తగ్గి ఉన్నాయని చూపింది. ఈ టీ కణాలు రోగనిరోధక సైన్యంలో ఒక దళం. ఒకరికి జబ్బు ఉండి మరొకరికి లేని కవలలను పోల్చిన 2010 నాటి పరిశోధనలోనూ గుర్తుల్లో తేడాలు కనబడ్డాయి.

మందుల సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. రక్తపోటుకు వాడే హైడ్రలజీన్, గుండె లయ తప్పినప్పుడు వాడే ప్రొకైనమైడ్ కొందరిలో లూపస్ వంటి జబ్బును తెస్తాయి. ప్రయోగశాలలో ఇవి టీ కణాల్లో మిథైల్ గుర్తులకు అడ్డుపడినట్లు తేలింది. మందు ఆపితే ఆ జబ్బు సాధారణంగా తగ్గిపోతుంది. (ఇది చదివి డాక్టరును అడగకుండా ఎవరూ మందులు మానకండి సుమా!)

పూర్వం "తలరాత" అని ఊరుకునేవారు. ఇప్పుడు "నీ బ్రతుకే నీ జన్యువుల మీద రాసుకుంది" అనవచ్చు. నింద వేయాలనుకునేవారికి ఇది కొత్త కత్తి. పొగతాగడం ఆ గుర్తులను మార్చుతుంది, కీళ్లవాతం ముప్పును పెంచుతుంది. రాళ్లు పగలగొట్టేచోట లేచే సిలికా దుమ్ము కూడా ఆ ముప్పును పెంచుతుంది. కూలి కోసం ఆ దుమ్ము పీల్చినవాడితో "నువ్వే తెచ్చుకున్నావు" అనగలమా?

మనిషిలో జరిగేదంతా మనిషి చేసినది కాదని పునీత తోమాసు అక్వినాసు ఏనాడో వివరించారు. తెలివి, స్వేచ్ఛాచిత్తం కలిసి చేసినదే నిజమైన మానవ క్రియ. ఏదో ఆలోచిస్తూ గడ్డం గోక్కోవడం ఆ లెక్కలోకి రాదు. ఈ ఉదాహరణ ఆయనదే. గడ్డానికే పాపం అంటనప్పుడు, కంటికి కనబడని టీ కణంలో చెరిగిన గుర్తుకు ఎలా అంటుతుంది? బీడీ కాల్చినవాడి సంగతి కొంచెం కష్టమే. తెలిసి కాల్చినందుకు అతడు జవాబు చెప్పుకోవాలి. అయినా జబ్బు ఆ తప్పుకు పడిన శిక్ష కాదు. శిక్షే అయితే, పక్కన కూర్చుని కాల్చిన స్నేహితుడు ఎలా తప్పించుకున్నాడు?

తల్లుల మీద పడే నింద మరీ అన్యాయం. 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం ఆహార రవాణాను అడ్డుకోవడంతో పశ్చిమ నెదర్లాండ్స్ ఆకలితో అలమటించింది. ఆ కరువులో కడుపున పడినవారిని ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షించారు. పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ గుర్తులు వారి తోబుట్టువులకంటే తక్కువగా ఉన్నాయని 2008లో ప్రకటించారు. ఇది ఆటోఇమ్యూన్ జబ్బు మీద చేసిన పరిశోధన కాదు. గర్భంలోని ఆకలి ఎంతకాలం జాడ నిలుపుతుందో మాత్రం చెబుతుంది. ఇక్కడ దోషం ఎవరిది? తులిప్ గడ్డలు తిని ప్రాణం నిలుపుకున్న తల్లిదా, తిండిని ఆపినవాడిదా?

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగ్రుడ్డిని చూసి శిష్యులు ఇదే అడిగారు, పాపం ఇతడిదా, తల్లిదండ్రులదా అని. ప్రభువు రెండూ కాదన్నారు. వెంటనే ఉమ్మితో మట్టి కలిపి అతడి కన్నులకు పూశారు.

లూపస్ ఉన్న కూతురికి సంబంధం చూస్తూ, జబ్బు మాట చెప్పాలా వద్దా అని గుట్టుగా అడిగే తల్లులున్నారు. చెప్పాలనే నేనంటాను. దాచడమంటే అది నేరమని మనమే ఒప్పుకున్నట్లు. తగిన వైద్యంతో, డాక్టర్ల పర్యవేక్షణలో బిడ్డలను కన్న లూపస్ రోగులు ఎందరో ఉన్నారు. ఆ సంగతీ చెప్పండి. గుడిలో పెండ్లి ప్రకటనలు చదవకముందే, డాక్టరు కాగితాలు ముందు పెట్టి, ఆ మాట అబ్బాయికి అమ్మాయి నోటనే తెలియాలి.